పాలసీసాతో పెరిగిన దుప్పి

వేసవి సెలవులకు పిల్లలను తీసుకుని ఏదో ద్వీపానికి వెళ్తున్న మా అమ్మాయి మొన్న నా పక్కన కూర్చుని, ఫోనులో అక్కడి వింతలన్నీ చూపిస్తూ, ఒక్క పూటే ఖాళీ ఉంది, మొసళ్ళ పార్కుకు వెళ్ళాలా, జింకల తోటకు వెళ్ళాలా చెప్పమంది. ఆ తోటలో జింకలు చేతిలోంచే మేత తింటాయట, పిల్లలకు భయమే ఉండదట. మొసళ్ళ దగ్గరికే తీసుకెళ్ళవే అన్నాను. నాకు మతి పోయిందేమోనన్నట్టు చూసింది. దానికి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఎడ్ల మధ్య పెరిగిన నా ఈడువాళ్ళయితే నవ్వకుండా వింటారని ఇక్కడ చెబుతున్నాను.

డెబ్బైలలో మాది కంకిపాడు దగ్గర వ్యవసాయం. కాలవలకు నీళ్ళు వదిలేలోపు మగవాళ్ళకు దొరికే ఆ కాస్త తీరికలో ఇంటిల్లిపాదినీ ఎక్కడికైనా తిప్పుకొస్తానని నాన్న మాటిచ్చాడు. బెజవాడలో సర్కస్ దిగింది. నేనూ బాబాయీ సర్కస్ అంటే సర్కస్ అని పట్టుబట్టాం. కానీ బాబాయి పెళ్ళి కొత్త, అప్పటికే పిన్నికి నెలలు. కడుపుతో ఉన్న పిల్లను పులుల గాండ్రింపుల మధ్య కూర్చోబెడతారట్రా అని నాయనమ్మ మా మీద గయ్యిమని లేచింది. అప్పుడు అమ్మే, మైలవరం అవతల తన మేనమామకు మామిడితోట ఉందనీ, ఆయన పెంచుకునే చుక్కల దుప్పి పిల్లలతో ఆడుకుంటుందనీ చెప్పింది. పాపం దుప్పి ఎవరినేం చేస్తుంది అని అందరూ దానికే ఒప్పుకున్నారు. నేను మూతి ముడుచుకునే బస్సెక్కాను.

ఆ తోట తాతయ్యకు పిల్లల్లేరు. తల్లి చచ్చిన దుప్పికూనను తెచ్చి, సీసాతో పాలు పట్టి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచి, మా అబ్బాయి అని పిలుచుకునేవాడు. మేం వెళ్ళేసరికి ఆ అబ్బాయి నిగనిగలాడే కొమ్ములతో చెట్ల మధ్య తిరుగుతూ, గొంతు చించుకుని అరుస్తూ, కొమ్ములతో నేలను పెళ్ళగిస్తున్నాడు. దాహమేస్తోందేమోరా, కాసిని నీళ్ళు పెట్టండి అని నాయనమ్మ జాలిపడింది. నాలుగు రోజులుగా ఇదే వరస, వయసొచ్చింది కదమ్మా అని తాతయ్య మురిసిపోయాడు. నేను అరటిపండు పెడితే నా అరచెయ్యి నాకింది. ఆ గరుకు నాలుక స్పర్శ ఇప్పటికీ గుర్తుంది. సర్కస్ సంగతి మరిచిపోయాను.

మన రైతులకు ఒక అలవాటుంది. ఎద్దు ఎదురుపడితే కొమ్ముల మధ్య నుదుటి మీద అరచెయ్యి ఆనించి నెడతారు, అది తల వంచి తిరిగి నెడుతుంది, అదో ముద్దు. మా ఎడ్లు నాన్నను చూడగానే ఆ చేతి కోసం తల వంచుకుని నిలబడేవి. కొమ్ములున్న ప్రతిదీ ఎద్దేననుకున్నాడు మా బాబాయి. పిన్ని చూస్తోందని కాస్త హుషారు కూడా. నవ్వుతూ వెళ్ళి, దుప్పి నుదుటి మీద చెయ్యి పెట్టి నెట్టాడు. అది ముద్దనుకోలేదు, పోట్లాటకు పిలిచాడనుకుంది.

ఒక్క అడుగు వెనక్కి వేసి వచ్చి కొట్టింది. కొమ్ము బాబాయి తొడలో దిగి, పైకి లేచేటప్పుడు కండను చీల్చుకుంటూ లేచింది. బాబాయి ఎగిరి పడ్డాడు. లేవబోతుంటే మళ్ళీ పొడిచింది, ఈసారి పక్కటెముకల్లో. రక్తం పంచెను తడిపి మట్టిలోకి కారింది. పిన్ని కేకవేస్తూ పరిగెత్తబోతే అమ్మా నాయనమ్మా ఆమెను నేలకేసి అదిమి పట్టుకున్నారు. దుప్పి కొమ్ములకు పంచె పీలిక వేలాడుతోంది. మూడోసారి తల దించింది.

ఎడ్ల మీద చర్నాకోల కూడా ఆడించని మా నాన్న, పాదులు తవ్వే గడ్డపార అందుకుని దాని మెడ మీద మోదాడు. అది మోకాళ్ళ మీద కూలింది. మళ్ళీ మోదాడు. పుర్రె పగిలిన చప్పుడు నాకు వినిపించింది. కాళ్ళు తన్నుకోవడం ఆగిపోయినా నాన్న ఆగలేదు. ముఖమంతా రక్తపు తుంపర్లు, ఆ కళ్ళలో నాకు తెలిసిన నాన్న లేడు. చివరికి తాతయ్యే వెనకనుంచి వాటేసుకుని, "చాలయ్యా అల్లుడూ, చచ్చిపోయిందయ్యా, ఇంక కొట్టకయ్యా" అని ఏడ్చాడు.

ఏడుస్తూనే రోడ్డుకు పరిగెత్తి, బెజవాడకు కాయలు తీసుకెళ్తున్న లారీని ఆపిందీ ఆయనే. బాబాయిని మామిడికాయల మీది గడ్డిలో పడుకోబెట్టి, తొడకు అమ్మ చీరకొంగు చింపి బిగించి కట్టారు. దారి పొడుగునా పిన్ని ఆ గాయాన్ని రెండు చేతులతో నొక్కిపట్టుకునే ఉంది. ఆస్పత్రి ముందు దిగేసరికి పైవరస కాయలన్నీ ఎర్రగా ఉన్నాయి. బాబాయి బతుకుతాడో లేదో తేలేవరకూ పిన్ని ఆ చేతులు కడుక్కోలేదు.

బతికాడు. కాకపోతే కాలు ఈడుస్తూ నడిచేవాడు, మళ్ళీ నాగలి పట్టలేకపోయాడు. ఆ ఏడు ఏరువాకకు తమ్ముడి పొలం చెక్క కూడా నాన్నే దున్నాడు. పిన్నికి కొడుకు పుట్టాడు, అంతా కుదుటపడిందనే అందరూ అన్నారు. కానీ తెల్లవారి కొట్టంలోకి వెళ్ళే నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నడవడం నేను చూశాను. ఎడ్లు అలవాటు కొద్దీ తల వంచి నిలబడేవి. నాన్న వాటి పక్కనుంచి అలాగే వెళ్ళిపోయేవాడు.

తర్వాత మాకూ ట్రాక్టరు వచ్చింది, కొట్టం షెడ్డయింది. ఈ కాలం పిల్లలు జంతువును టిక్కెట్టు కొనుక్కుని చూస్తారు, చేత్తో మేత పెట్టి ఫొటో దిగి వచ్చేస్తారు. దాని నుదుటి మీద చెయ్యి వేస్తే అది ఏమనుకుంటుందో తెలుసుకోవలసిన పని వాళ్ళకు లేదు. మంచిదే అనుకుంటాను. కానీ ఇన్నేళ్ళయినా నాకు కలలోకి వచ్చేది ఆ దుప్పి కాదు, ఏ తప్పూ చెయ్యకుండా, నాన్న చెయ్యి కోసం తల వంచుకుని నిలబడిన మా ఎడ్లు.