గాజులు బాగున్నాయని

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక మధ్యాహ్నం చార్మినార్ దగ్గర నేనూ నా దోస్తూ బస్సెక్కాం. మా పక్క సీట్లో బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ, ఆరేళ్ల మనవరాలితో కూర్చుని ఉంది.

వాళ్లకు తెలుగు రాదన్న ధీమాతో నా దోస్తు గట్టిగానే అన్నాడు: "ఈ పిల్ల ఎన్నో నంబరో రా? ఇంట్ల క్రికెట్ టీమే ఉంటది."

అంత నవ్వొచ్చే మాటేం కాదు. మా కాలేజీలో అందరూ అనేదే. అయినా నేను పగలబడి నవ్వాను.

మమ్మల్ని చూసి పిల్ల కూడా నవ్వింది. వాళ్లేమంటున్నారని నానమ్మను ఉర్దూలో అడిగింది. పెద్దావిడ ఒక్క క్షణం కిటికీ బయటికి చూసింది. నీ గాజులు బాగున్నాయంటున్నారు అని ఉర్దూలోనే చెప్పింది.

పిల్ల మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ నా ముందుకు చాపి గాజులు గలగలలాడించింది. అప్పుడు పెద్దావిడ నా కళ్లలోకి చూస్తూ, అచ్చం మా బస్తీ తెలుగులో మెల్లగా అంది: "మంచిగున్నయని చెప్పు బిడ్డా. పొద్దుగాల్నుంచి ఎవరన్న అంటరేమోనని చూస్తున్నది."

"బహుత్ అచ్ఛే హై," అన్నాను. క్షమించమని అడగాల్సింది అప్పుడే. అడగలేదు.

పురానాపూల్‌లో వాళ్లు దిగిపోయారు. బస్సు కదిలేదాకా పిల్ల నాకు చెయ్యి ఊపుతూనే ఉంది.

"అరే, ముసల్దానికి తెలుగొస్తది రా!" అని నా దోస్తు ఇంకా గట్టిగా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అయినా వాడితోపాటు నవ్వాను.