ఆ రెండు నిమిషాల తేడా

మా మాస్టారు పోయారని మొన్న ఉదయం వారి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను అబర్డీన్ బజార్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆస్టినాబాద్ బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. ఎక్కాలన్న సంగతే తోచలేదు.

ఆయన మా కాలేజీలో భౌతిక రసాయన శాస్త్రం చెప్పేవారు. నేను మొదట ఆయన విద్యార్థినిని, తరువాత ఆయన ప్రయోగశాలలో సహాయకురాలిని. వాయువులు పుస్తకంలోని సూత్రానికి ఎంత ఎడంగా నడుస్తాయో కొలవడమే ఆయనకు ఇష్టమైన పని. సూత్రం ప్రకారం వాయువు అణువులకు పరిమాణం లేదు, వాటి మధ్య ఆకర్షణా లేదు. నిజమైన గాలికి రెండూ ఉన్నాయి. అందువల్ల అధిక పీడనం దగ్గర లెక్క ఒకటి చెబుతుంది, కొలత ఇంకొకటి చెబుతుంది. ఆ తేడాను చూపే నిష్పత్తిని మేము జెడ్ అంటాం. తేడా లేకపోతే దాని విలువ ఒకటి.

మా రికార్డు పుస్తకాల్లో అది ఎప్పుడూ సరిగ్గా ఒకటే వచ్చేది. సీనియర్ల రికార్డులు చూసి రాస్తే రాక ఏం చేస్తుంది? మాస్టారు పుస్తకం మూసి తిరిగి ఇచ్చేవారు.

"గాలి నీకు చుట్టమా అమ్మాయ్, నువ్వు చెప్పినట్టల్లా నడుచుకోడానికి? వెళ్లి తూచు."

ఖాళీ సిలిండరును ఒకసారి, నింపాక మరొకసారి తూస్తే లోపల నిజంగా ఎంత గాలి ఉందో తెలుస్తుంది. తూచే ముందు ఆయన సిలిండరును తన జేబురుమాలుతో అడుగుదాకా తుడిచేవారు. మన దీవుల గాలిలో ఇనుము ఊరికే చెమరుస్తుంది. "తడికీ బరువుంటుంది" అనేవారు. అంతటి జాగ్రత్త గల మనిషి ఒక్కసారి తప్పారు. ఆ ఒక్కసారీ నేను పక్కనే ఉన్నాను.

సునామీ వచ్చి కొద్ది రోజులే అయింది. జెట్టీ పక్కన మునిగిన పడవలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే గాని సహాయ సామగ్రి తెచ్చే ఓడలు ఆనలేవు. నీళ్లలోకి దిగే మనిషి ప్రయోగశాలకు వచ్చాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. అతణ్ని అందరూ భయ్యా అనే పిలిచేవారు.

"నీళ్లన్నీ బురద మాస్టర్‌జీ. గాలి గేజ్ ముక్కు మీదెట్టుకున్నా దిక్తా నహీ, అగుపడదు. ఎంతసేపు ఉండొచ్చో మీరే రాసిచ్చేయండి. టైం అవగానే పైనుంచి మావోడు తాడు లాగుతాడు."

మాస్టారు మూడు రోజులుగా నిద్రపోలేదు. దక్షిణపు దీవుల్లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి కబురు ఇంకా తెలియలేదు. కాగితం మీద పీడనాన్ని సిలిండరు పరిమాణంతో గుణించి, మనిషి పీల్చే గాలితో భాగించి, నిమిషాలు రాసి ఇచ్చారు. జెడ్ వేయలేదు. రెండు వందల వాతావరణాల పీడనం దగ్గర సిలిండరులో ఉండే గాలి, లెక్క చెప్పినదానికంటే నూటికి సుమారు మూడు పాళ్లు తక్కువ. ఆ లోతులో అది రెండు నిమిషాలు.

నాకు కనబడింది. మాస్టారికి నేను చెప్పడమేమిటని ఊరుకున్నాను.

తాడు లాగకముందే గాలి అయిపోయింది. భయ్యా ఒక్క ఊపున పైకి వచ్చేశాడు. ప్రాణం దక్కింది కాని ఎడమ చెవి పోయింది. మాస్టారు ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడే చెప్పారు: "తప్పు నాదయ్యా. లెక్క సగంలో ఆపేశాను."

"ఏటి మాస్టర్‌జీ, ఒక చెవి పోతే ఏటైపోనాది? ఇకమీద మా ఆవిణ్ని ఈ పక్కనే కూకోబెడతాను."

నేను అప్పుడూ అక్కడే ఉన్నాను. అప్పుడూ ఊరుకున్నాను.

ఆ మరుసటి ఏడాది నుంచి మాస్టారు రోజూ బోర్డు మీద ఒక తప్పు కావాలని వేసేవారు. ఎవరైనా చెప్పేవరకు సుద్దముక్క పట్టుకుని ఎదురుచూసేవారు. పిల్లలు తలలు దించుకుంటే, "ఊరుకోవడం గౌరవం కాదర్రా. మీరు ఊరుకుంటే నీళ్లలో ఉన్నవాడికి ఊపిరాడదు" అనేవారు. ఆ మాట అనేటప్పుడు నేను గదిలో ఉన్నా ఒక్కసారీ నా వైపు చూడలేదు. ఆయనకు తెలుసేమోనని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. అడగలేకపోయాను. ఇక అడగడానికి ఆయన లేరు.

తరువాతి బస్సులో ఆస్టినాబాద్‌లోని వారి ఇంటికి వెళ్లాను. వరండాలో, చుట్టుపక్కల పిల్లలకు చెప్పడానికి పెట్టుకున్న బోర్డు అలాగే ఉంది. దాని మీద చివరి లెక్క: నిండు సిలిండరు, రెండు వందల పీడనం. జెడ్ ఉండవలసిన చోట ఏమీ లేదు.

"ఈ మధ్య నాన్నకి మతిమరుపు వచ్చేసింది దీదీ," అంది వారి అమ్మాయి. "తుడిచేయనా?"

వద్దన్నాను. అది కావాలని వదిలిన తప్పో, మరిచి వదిలినదో చెప్పగల కొలత నా దగ్గర లేదు. సుద్దముక్కతో అక్కడ జెడ్ రాసి, కబురు తెలిసి నాకంటే ముందే వచ్చి వరండాలో కూర్చున్న భయ్యా పక్కన కూర్చున్నాను.

"భయ్యా, ఆ రోజు లెక్కలో తప్పు నాకు కనబడింది. నేను చెప్పలేదు."

అతడు బోర్డు వైపే చూస్తున్నాడు. నేను కూర్చున్నది అతని ఎడమ పక్కన. కాసేపటికి నా ముఖం చూసి ఏదో అన్నానని గ్రహించాడు.

"ఏటి దీదీ? ఇటేపు చెప్పు."

ప్లాస్టిక్ కుర్చీ నా వైపు జరుపుకొని, తల వంచి, కుడి చెవి తిప్పాడు. నా వేళ్లకు ఇంకా సుద్ద అంటుకునే ఉంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.