నా ముడి నాకే ఊడని రోజు

ఆ పొద్దున ఏదో తేడాగా ఉందని ముందు నా ముక్కుకే తెలిసింది. నంద్యాల దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లులో పదేళ్లుగా బస్తాలు కట్టే పని నాది. కాలిన పత్తి వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పత్తిలో కలిసిన రాయి ముక్క ఏదో మిషన్‌లో పడి నిప్పురవ్వ లేచింది. పక్కనే పత్తి కుప్ప.

గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండర్ దగ్గరికి ఉరికాను. లాగితే రాలేదు. నాలుగు రోజుల కిందట ఆయుధపూజకు మిషన్లతో పాటు దానికీ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ బరువుకు సిలిండర్ కొక్కెం నుంచి జారి పడిపోతుందని మేస్త్రీ ఓబులేసన్న నన్నే పిలిచాడు. మేం చర్చికి పోయేవాళ్లం, పూజలో చేయి పెట్టను. "బొట్టు పెట్టకపోతే పాయె, తాడన్నా కట్టప్పా," అన్నాడు. సిలిండర్‌ను కొక్కేనికి కలిపి, లారీ కుదుపులకు కూడా ఊడని బస్తా ముడి, ఒకటి కాదు, రెండు వేశాను. పనితనం చూపించుకోవాలి కదా! ఇప్పుడు ఆ ముడిని గోళ్లతో పీకుతూ నిలబడ్డాను.

ఈలోపు మంట కుప్పకెక్కింది. చేతికందిన గోనె పట్టతో కొట్టాను. పట్టే అంటుకుంది. మిగతావాళ్లు కరెంటు మెయిన్ ఆపేసి బకెట్లతో నీళ్లు పోశారు. నా కుడిచేయి తప్ప ఎవరికీ ఏం కాలేదు.

ఓబులేసన్న గాభరాపడి టూత్‌పేస్ట్ ట్యూబంతా నా చేతికి పూశాడు. ఆస్పత్రిలో సిస్టర్ దాన్ని కడిగి తీస్తుంటే, మంటలో అరవనివాణ్ణి అప్పుడు కేకలు పెట్టాను. "సెకండ్ డిగ్రీ బర్న్. కొన్నిచోట్ల డీప్. కాలగానే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టుంటే ఇంత లోతుకు పోయేది కాదు," అంది డాక్టరమ్మ.

ఓబులేసన్న మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు. "కట్టమన్నది నేనే గదప్పా."

"ముడేసింది నేనన్నా. ఊరకుండు."

తొడ చర్మం తీసి చేతికి అతికించి స్కిన్ గ్రాఫ్ట్ చేశారు. ఒక మూల ఇన్ఫెక్షన్ వచ్చింది, మళ్లీ డ్రెస్సింగులు. ఆళ్లగడ్డలో ఇల్లు చేరాక నొప్పికి జడిసి, ఆస్పత్రిలో చెప్పిన వేళ్ల ఎక్సర్‌సైజులు ఎగ్గొట్టాను. నెల తిరిగేసరికి వేళ్లు లోపలికి వంగిపోయాయి. "కాంట్రాక్చర్ మొదలైంది. ఫిజియోథెరపీ చేయకపోతే ఇట్లే ఉండిపోతాయి," అంది డాక్టరమ్మ. తిరుగు బస్సులో నిజంగా భయపడ్డాను. తాడు పట్టలేని చేతికి ఎవరు పని ఇస్తారు?

నా భార్య కరుణ అంగన్‌వాడీ ఆయా. పిల్లల్ని దారికి తెచ్చే గొంతుతోనే నన్నూ పట్టుకుంది. "ఏందీ, ఏడుస్తాండావా? ఏడ్చుకుంటానే చెయ్. యాడికీ పోనీయను," అంటూ ఒక్కో వేలూ సాగదీసేది. నేను తిట్టేవాణ్ణి. ఆమె ఒక్క పూట కూడా మానలేదు. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం చెంచా పక్కన పెట్టి, సంగటి ముద్ద నేనే చేసుకుని పప్పులో అద్దుకుని తిన్నాను. కరుణ చూడనట్టే వడ్డించింది, కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఇప్పుడు మళ్లీ మిల్లులోనే ఉన్నాను. చిటికెన వేలు పూర్తిగా సాగదు, చలికి చర్మం లాగుతుంది. అంతకుమించి లోటేం లేదు, సంతోషంగానే ఉన్నాను.

మీకు చెప్పేది ఒక్కటే. మీరు పనిచేసే చోట సిలిండర్ ఉంటే, రేపు పోగానే ఒకసారి మీ చేత్తో కిందికి దించి చూడండి. మా మిల్లులో నెలనెలా దాన్ని దించి మళ్లీ తగిలించేది నేనే, ఈ కుడిచేత్తోనే.