సోములమ్మ ఇచ్చిన ముక్క

అనంతగిరి దాటాక రోడ్డు వదిలి మట్టిదారిన కొండెక్కితే జీలుగువలస వస్తుంది. పాంగి సోములమ్మ పుట్టిందీ అక్కడే, సుక్రుని చేసుకుని కాపురం పెట్టిందీ అక్కడే. కాఫీ పళ్ళు కోయడంలోనైనా, చోడి చేలో కలుపు తీయడంలోనైనా ఆమెతో సమానంగా నడిచే మనిషి లేదని సుక్రు ఇప్పటికీ చెబుతాడు. మాట మాత్రం పెళుసు. నచ్చకపోతే ఎదుట ఎవరున్నా నచ్చలేదనేస్తుంది.

అక్కడి ఆడవాళ్ళలో చాలామందిలాగే ఆమెకీ చుట్ట అలవాటు. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. జల్లు పడినా నిప్పు ఆరదు, గాలికి చుట్ట తొందరగా అయిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పెళ్ళికి ముందే తల్లి నేర్పింది. ఏళ్ళ తరబడి ఆ వేడి తగిలి సోములమ్మ అంగిలి తెల్లగా, గరుగ్గా తయారైంది.

ఆమె అక్క బుద్రమ్మకీ అలాగే మొదలైంది. చాలా కాలం కిందట ఎవరో జీపులో వచ్చారు. బడి వరండాలో కూర్చుని ఆడవాళ్ళ నోళ్ళు చూశారు, రక్తం తీశారు, బుద్రమ్మ అంగిలిలోంచి చిన్న ముక్క కోసుకుని వెళ్ళారు. ఎక్కడి వాళ్ళో ఎవరికీ తెలియదు. మళ్ళీ రాలేదు. ఏదైనా ఉంటే వాళ్ళే వచ్చి చెబుతారు కదా అని బుద్రమ్మ ఎదురుచూసింది. రాలేదంటే ఏమీ లేదని అర్థం చేసుకుంది. ఆ గరుకు పుండై, పెరిగి పెరిగి అంగిలికి చిల్లు పడింది. తాగిన అంబలి ముక్కులోంచి వచ్చేది. అలాగే పోయింది. చివరి రోజుల్లో ఆమెకి అంబలి పట్టింది సోములమ్మే.

అందుకే, విశాఖపట్నం నుంచి శ్రావణి అనే అమ్మాయి టార్చిలైటు పట్టుకుని ఊళ్ళోకి వచ్చిన రోజున సోములమ్మ లేచి నిలబడలేదు, కూర్చోమనలేదు.

శ్రావణి పీహెచ్‌డీ చేస్తోంది. అడ్డపొగ తాగేవాళ్ళ నోట్లో మామూలు కణం క్యాన్సర్ కణంగా ఏ దారిలో మారుతుందన్నది ఆమె పరిశోధన. వెంట ఒక పళ్ళ డాక్టరు. ఊరికి పరిచయం చేసింది సోములమ్మ కూతురు నిర్మల. ఆ ఊరి ఆశా కార్యకర్త ఆమే.

చెప్పాల్సిందంతా శ్రావణి ఓపిగ్గా చెప్పింది. మొద్దుబారే ఇంజక్షన్ ఇస్తాం, గోటి కొసంత ముక్క తీస్తాం, ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు.

"ఆ ముక్కని ఏటి సేత్తావు?" అంది సోములమ్మ.

"ల్యాబ్‌లో పరీక్ష చేస్తామమ్మా. జబ్బు ఎలా మొదలవుతుందో తెలిస్తే ముందు ముందు చాలామందికి మేలు."

"నాకు జబ్బుందో లేదో సెప్తావా?"

అబద్ధం చెప్పడం శ్రావణికి చాతకాలేదు. "లేదమ్మా. మీ పేరు తీసేసి నంబరు వేస్తాం. ఏ ముక్క ఎవరిదో తర్వాత మాకే తెలీదు. మీ గుట్టు బయటపడకుండా అలా పెట్టిన నియమం."

"నా గుట్టు నాకు గూడా తెలీకుండానా?" సోములమ్మ గొంతు లేచింది. "మా అప్ప గూడా ఇచ్చింది ముక్క. ఒకడూ రాలేదు. నానివ్వను. ఎల్లు."

"అమ్మా, ఈవిడ అలాంటిది కాదే," అని నిర్మల ఏదో చెప్పబోయింది.

"మంచిదే అవ్వొచ్చు. మంచోళ్ళయితే సెప్పకపోయినా పర్లేదేటి?"

ఆమె ఇవ్వనన్నాక ఊళ్ళో మిగతావాళ్ళూ ఇవ్వలేదు. శ్రావణి ఖాళీ డబ్బాలతో కొండ దిగింది. బస్సులో దారంతా ఆమెకి బుద్రమ్మే గుర్తొచ్చింది. చూడని మనిషి, పేరు కూడా ఆ రోజే నిర్మల చెబితే విన్నది.

ఆమె గైడు ప్రొఫెసర్ సర్వేశ్వరరావు చెడ్డవాడు కాదు. పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ, పేర్లు తీసేసే ఆ పద్ధతికి ఒప్పుకున్నది కూడా ఊరికే కాదు. ఆయన అదే చెప్పాడు. "మనది పరిశోధన ల్యాబ్ అమ్మా, ఆస్పత్రి కాదు. మన ఫలితం తప్పయితే? లేని జబ్బు ఉందని చెప్పి ఒక మనిషికి నిద్ర లేకుండా చేస్తాం. ఉన్నది లేదని చెబితే ఇంకా ఘోరం."

"నిజమే సార్. కానీ మనకి క్యాన్సర్ కనిపించి, ఆ మనిషి కొండ మీద రోజూ పనికి పోతూ ఉంటే? మనం పేపరు రాసుకుంటాం. ఆవిడ?"

సర్వేశ్వరరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే పద్ధతి మార్చి రాయి. కమిటీకి నేనూ వస్తాను," అన్నాడు.

కొత్త పద్ధతిలో ప్రతి ముక్కలోంచి కొంత భాగం ఆస్పత్రి పాథాలజీ డాక్టరుకి వెళుతుంది. జబ్బు ఉందా లేదా చెప్పేది ఆయనే, పరిశోధన ల్యాబ్ కాదు. ఏ నంబరు ఎవరిదో పరిశోధనతో సంబంధం లేని ఒక్క మనిషి దగ్గరే ఉంటుంది. ఫలితం తెలుసుకోవాలని ఉందా అని ముందే అడుగుతారు. కావాలన్నవాళ్ళ పేరు ఆ మనిషి చెబితే, శ్రావణే వెళ్ళి చెబుతుంది. కమిటీలో ఒకావిడ సూటిగా అడిగింది: "చెప్పి వచ్చేస్తారా? చెప్పాక వాళ్ళకి వైద్యం ఎవరు చేయిస్తారు?" జవాబు కోసం శ్రావణి ఆస్పత్రుల చుట్టూ తిరిగి, ఒక సర్జన్‌ని ఒప్పించి, మళ్ళీ కమిటీ ముందుకు వెళ్ళేసరికి చలికాలం పోయి కాఫీ చెట్లు తెల్లగా పూశాయి. ఒప్పుకున్నారు.

ఆమె మళ్ళీ వస్తుందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. సోములమ్మ అసలే అనుకోలేదు. పెరట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తూ తలెత్తి చూసింది.

"ఓలమ్మ, మల్లీ వచ్చినావేటి గుంటా?"

"వచ్చానమ్మా. ఈసారి చెబుతాం. చెప్పడానికి నేనే వస్తాను."

మారిందేమిటో అంతా చెప్పి శ్రావణి అడిగింది. "జబ్బుంటే తెలుసుకోవాలని ఉందా అమ్మా? వద్దన్నా తప్పులేదు. మీకు కాక ఇంకెవరికైనా చెప్పమంటారా?"

సోములమ్మని ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. చేతిలోని పసుపు కొమ్ము పక్కన పెట్టింది. "ముందు నాకే సెప్పు. మా ఆయనకి నాను సెప్పుకుంటాను. ఊరికి మాత్రం వొద్దు," అంది. తర్వాత నోరు తెరిచింది.

వానలు పట్టాయి. ఘాట్‌లో రాళ్ళు జారిపడి రోడ్డు మూసేశారు. ఊళ్ళో సిగ్నల్ లేదు. సోములమ్మ వరి నాట్లకి వెళ్ళేది, వచ్చేది, ఎవరితోనూ ఆ మాట ఎత్తేది కాదు. కానీ దారిలో మోటార్ సైకిల్ చప్పుడు వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేదని నిర్మల గమనించింది. రోజులు గడిచే కొద్దీ ఆమె ముఖం బిగుసుకుపోయింది. ఒకనాడు, "ఈ గుంట గూడా అంతే," అనేసింది.

రోడ్డు ఒకవైపు తెరిచిన రోజే శ్రావణి వచ్చింది. బురద మోకాళ్ళదాకా ఉంది. వాకిట్లో సుక్రు ఉన్నాడు. ఆమె అతనికేమీ చెప్పకుండా, "సోములమ్మగారితో మాట్లాడాలండీ," అంది. సుక్రు భార్య వైపు చూసి లేచి, గొడ్డలి తీసుకుని కట్టెల కోసమన్నట్టు బయటికి నడిచాడు.

ఇద్దరూ లోపల పొయ్యి దగ్గర కూర్చున్నారు.

"సెప్పు. నాన్సకు."

"క్యాన్సర్ కాదమ్మా," అంది శ్రావణి మొదటి మాటగా. "కానీ ఆ వైపు వెళ్ళడం మొదలైంది. మీ అంగిట్లో కొంత మేర కణాలు మారిపోతున్నాయి. వదిలేస్తే అవుతుంది. ఇప్పుడు ఆ కొంచెం తీయించేస్తే అవ్వకుండా ఆపొచ్చు. చుట్ట కూడా మానాలి."

"మా అప్పకి వచ్చింది ఇదేనా?"

"మొదట్లో ఇలాగే ఉండి ఉంటుందమ్మా. నాకు ఖాయంగా తెలీదు."

సోములమ్మ మోకాళ్ళ మీద తల ఆనించి ఏడ్చింది. తనకోసం కాదు. ఆ ముక్క తీసుకెళ్ళినవాళ్ళు ఇలాగే బురదలో నడిచి ఒక్కసారి వచ్చి ఉంటే బుద్రమ్మ ఉండేదేమోనని. శ్రావణి దగ్గరికి జరిగి కూర్చుంది. కాసేపటికి సోములమ్మే కళ్ళు తుడుచుకుని, "వొళ్ళంతా తడిసిపోనావు. ముందు టీ తాగు," అంది.

సుక్రుకి ఆమె ఆ సాయంత్రమే చెప్పింది. అతను ఆ రాత్రి తినలేదు. మర్నాడు, "బేగి ఆస్పత్రికి ఎల్లిపోదారి," అన్నాడు.

ఆపరేషన్ పెద్దదేమీ కాదు గానీ తర్వాత చాన్నాళ్ళు చల్లారిన అంబలి తప్ప ఏదీ మింగుడుపడలేదు. దాని కన్నా కష్టం చుట్ట మానడం. చేలోకి వెళితే నోరు దాన్నే అడిగేది. చిరాకుతో సుక్రు మీద అరిచేది, కోడిని తరిమేది. రెండుసార్లు దొంగతనంగా కాల్చి, రెండుసార్లూ తనే నిర్మలకి చెప్పేసుకుంది. మూడోసారి కాల్చలేదు. ఈలోగా ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ముక్క ఇచ్చారు. ఎవరికి ఏం వచ్చిందో ఎవరి నోటా బయటికి రాలేదు. పక్క ఊరి మనిషి ఒకామె మాత్రం తనంతట తానే సోములమ్మ దగ్గరికి వచ్చి, "నానూ తీయించేసుకున్నాను," అని చెప్పి వెళ్ళింది.

ఏడాది తిరిగాక మళ్ళీ చూపించుకోవాలన్నారు. నిర్మల తల్లిని విశాఖపట్నం తీసుకెళ్ళింది. పరీక్షలు చేశారు, మళ్ళీ ఒక చిన్న ముక్క తీశారు, ఫలితం వచ్చేదాకా చుట్టాలింట్లో ఉన్నారు. ఆ రోజుల్లో సోములమ్మ కంటి మీద కునుకు లేదు. పక్కమీద లేచి కూర్చునేది. సర్జన్ కాగితం చూసి, "అంతా శుభ్రంగా ఉందమ్మా. మళ్ళీ రాలేదు. ఇంటికెళ్ళండి," అన్నప్పుడు ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. ఆయన నవ్వి మళ్ళీ చెప్పాడు. పక్కనున్న శ్రావణి ముఖం అటు తిప్పుకుని ముక్కు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే కొండ రైలెక్కారు. శృంగవరపుకోట దాటకముందే సోములమ్మ కూతురి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. సొరంగాలు వచ్చాయి, లోపలున్న టూరిస్టు పిల్లలు కేకలు వేశారు, పల్లీలవాడు అరుచుకుంటూ వెళ్ళాడు. ఆమె కదల్లేదు. నిర్మల భుజం తిమ్మిరెక్కినా కదపలేదు.

రైలుకి వస్తున్నారన్న కబురు మాత్రమే అందిన సుక్రు బొర్రా స్టేషన్‌లో మొదటి పెట్టె నుంచి చివరి పెట్టెదాకా వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏటన్నారు?"

"ఏటీ లేదన్నారు," అంది సోములమ్మ, నిద్ర కళ్ళతోనే.

సుక్రు సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాడు. రైలు కదిలి వెళ్ళిపోయింది. "పదండి నాన్నా, జీపు దొరకదు," అంటూ నిర్మల తొందర పెట్టింది. "ఉండే, కూసేపు," అన్నాడతను. సోములమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొండ మీద మంచు ఇంకా విడవలేదు. ముగ్గురూ అక్కడే, ఎక్కడికీ తొందరలేనట్టు కూర్చున్నారు.