మా అమ్మాయి పిడికిలి తెరిపించిన టీచరమ్మ

మా కింది వాటాలో ఉండే టీచరమ్మ పోయిన గురువారం పొద్దున కన్నుమూశారు. నేను అప్పుడు ఆబిడ్స్‌లో, నేను పనిచేసే స్టేషనరీ దుకాణంలో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "టీచరమ్మ పోయిన్రు. బిడ్డకు నువ్వే వచ్చి చెప్పు, నాతోని కాదు," అన్నాడు. మా ఇల్లున్న నాంపల్లి ఎంత దూరమని! నడిచే వెళ్ళాను. ఏ మాటతో చెప్పాలో దారంతా వెతుక్కుంటూనే ఉన్నాను.

ఆవిడది మెదక్ దిక్కు. ఒక మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేవారు. పిల్లలతో మాట్లాడాలంటే, మోకాళ్ళ నొప్పులున్నా సరే, నేల మీద చతికిలబడి వాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడేవారు. లేవడానికి మాత్రం ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చేది.

మా అమ్మాయికి పుట్టిన రెండో రోజున ఫిట్స్ వచ్చాయి. పసిపిల్లల ఫిట్స్ పెద్దవాళ్ళకు వచ్చినట్టు ఉండవని నాకు తెలియదు. కళ్ళు ఒక పక్కకు నిలిచిపోయాయి, పెదాలు చప్పరించింది, కాళ్ళు సైకిల్ తొక్కినట్టు ఆడించింది. ఆకలేమో అనుకున్నాను. నర్సు చూసి, ఎత్తుకుని పరిగెత్తింది. పదకొండు రోజులు పిల్ల అద్దాల పెట్టెలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "ఫిట్స్ ఆగినయ్. ముందు ముందు ఎట్ల ఉంటదో ఇప్పుడే చెప్పలేం. కొందరికి ఏం కాదు. కొందరికి నడక, మాట, చదువు ఆలస్యమైతయ్. చూపిస్తనే ఉండాలె," అన్నది. అందులో మొదటి మాట ఒక్కటే మేము ఇంటికి తెచ్చుకున్నాం. రెండుసార్లు చూపించి మానేశాం. ఆడపిల్లకు ఫిట్స్ అంటే నలుగురూ ఏమంటారోనని మా అత్తగారు, నేను నోరు మూసుకున్నాం.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి వస్తూ మా ఇంటికి వచ్చారు. చాప మీద ఉన్న పిల్ల ముందు చతికిలబడి, తన కళ్ళజోడు డబ్బా కుడి వైపు ఆడించారు, ఎడమ వైపు ఆడించారు. ఎడమ వైపు పెట్టినా పిల్ల ఒళ్ళంతా తిప్పి కుడి చేత్తోనే అందుకుంది.

"బిడ్డా, ఎడమ పిడికిలి ఇప్పుతలేదు. పుట్టినప్పుడు ఏమన్న అయిందా?"

నాకు ఒళ్ళు మండింది. "మా పిల్లకేం కాలే. మీకు పిల్లల్లేరు, మీకేం తెలుస్తది?" అన్నాను.

ఆవిడ గోడ పట్టుకుని తనే లేచి వెళ్ళారు.

మూడు వారాలు నేను కిందికి చూడలేదు. కానీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పిల్ల కుడి చెయ్యి మెల్లగా పట్టుకుని ఎడమ వైపు బిస్కెట్ పెట్టేదాన్ని. పిడికిలి తెరుచుకునేది కాదు. ఒకరోజు పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రమే వెళ్ళి ఆవిడకు అంతా చెప్పాను. క్షమించమని అడగబోతుంటే, "గవన్నీ తర్వాత. రేపు దవాఖానకు ఎన్ని గంటలకు పోదాం?" అన్నారు.

మెదడుకు ఒక పక్క దెబ్బ తగిలిందని, అది మానదు గానీ, ఈ వయసులో వ్యాయామం చేయిస్తే చెయ్యి చాలావరకు పనికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు సెలవు దొరకని రోజుల్లో టీచరమ్మే ఆటోలో తీసుకెళ్ళేవారు. ఇంట్లో చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసికించేవారు. "పక్కింటి పిల్లతోని పోల్చకు బిడ్డా. పోయిన నెల మన పిల్ల ఎట్లున్నదో దాంతోనే పోల్చు," అనేవారు. మా అమ్మాయి రెండున్నరేళ్ళకు నడిచింది, ఆవిడ మంచం నుంచి కుర్చీ దాకా. నాలుగేళ్ళు నిండుతుండగా మాటలు వచ్చాయి.

రెండో తరగతిలో, పిల్లకు బద్ధకమని బడిలో చీటీ రాసి పంపారు. ఇంట్లో రాయమంటే గంటకు రెండు లైన్లు. ఓపిక నశించి కొట్టాను. కేక విని వచ్చిన టీచరమ్మ నా మణికట్టు పట్టుకున్నారు.

"నేను కూడ కొట్టిన బిడ్డా. నా క్లాసుల ఒక పిల్ల ఉండె. పలక మీద నాలుగక్షరాలు రాయనీకి గంట పట్టేది. బద్ధకమనుకున్న. ఏడాదంతా వేళ్ళ మీద స్కేలుతోని కొట్టిన. పుట్టంగనే ఫిట్స్ వచ్చినయని ఎండకాలం సెలవులకు ముంగట వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. చెప్తే బడిల తీస్కోరని భయపడ్డదట. ఆ పిల్ల మల్ల మా బడికి రాలే. యాడున్నదో తెల్వది." నా మణికట్టు వదిలి, "అందుకే నీ బిడ్డను చూసి ఊకోలేకపోయిన," అన్నారు.

మరునాడు ఇద్దరం బడికి వెళ్ళాం. మా పిల్లకు పుట్టగానే ఫిట్స్ వచ్చాయని బయటివాళ్ళ ముందు నేను పైకి అన్నది అప్పుడే, మొదటిసారి. పరీక్షల్లో ఎక్కువ టైము ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్ళు, ఏడో తరగతి. తొమ్మిదో ఏట ఫిట్స్ మళ్ళీ వచ్చాయి, మాత్రలు నడుస్తున్నాయి. లెక్కలంటే ఏడుపే. జడ తనంతట తాను వేసుకోలేదు. కానీ నెమ్మదిగా చదువుతుంది. చివరి నెలల్లో టీచరమ్మ చూపు మందగిస్తే, రోజూ సాయంత్రం వెళ్ళి బైబిల్ చదివి వినిపించేది. ఎక్కడైనా ఆగిపోతే, కంఠతా వచ్చినా ఆవిడ అందించేవారు కాదు. కళ్ళు మూసుకుని ఆ మాట కోసం ఎదురుచూసేవారు. ఒకసారి నేను అందించబోతే వేలెత్తి ఆపారు. "దానికి వస్తది. నువ్వు జర ఊకో." కాసేపటికి వచ్చింది.

ఆ గురువారం ఇంటికి చేరి, "టీచరమ్మ చనిపోయిన్రు, బిడ్డా," అని మాత్రమే చెప్పగలిగాను. మా అమ్మాయి "అయితే ఇయ్యాల సదవనీకి పోవద్దా?" అని అడిగింది.

సమాధి చేసిన మూడో రోజు సాయంత్రం వాన పడుతోంది. పిల్ల కనిపించక పై నుంచి తొంగి చూశాను. మూసి ఉన్న టీచరమ్మ తలుపు ముందు, గడప మీద కూర్చుని ఉంది. నడిమధ్యన కాదు, ఇంకొకరికి చోటు వదిలి, ఒక పక్కకు ఒదిగి.