దశరథ మెట్లు దిగిన నాలుగు రోజులు

దశరథ తాళ్లు గీసేవాడు. చౌటుప్పల్ పక్క పల్లెలో పెళ్లికి ముందు నుంచీ చెట్లెక్కి కల్లు దించాడు. ఒక వానాకాలం పొద్దున నడుముకు కట్టుకున్న మోకు జారి తాడిచెట్టు మీది నుంచి పడ్డాడు. వెన్నుపూస విరిగి నడుము కింద స్పర్శ పోయింది. కొడుకు కృష్ణ ఎల్బీ నగర్‌లో ఆటో నడిపేవాడు. తల్లిదండ్రులను తన దగ్గరికే తెచ్చుకున్నాడు. దొరికిన కిరాయి ఇల్లు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు.

దవాఖానకు పోవలసి వస్తే కృష్ణ తండ్రిని వీపు మీద వేసుకుని దించేవాడు. కాళ్లు గోడకు కొట్టుకోకుండా తల్లి అండాలమ్మ వెనక నుంచి పట్టుకునేది. ఎదిగిన కొడుకు వీపున పసిపిల్లాడిలా వేలాడటం దశరథకు చచ్చేంత సిగ్గు. అందుకే వెన్నులో నొప్పి ఉన్నా లేదనేవాడు. పడుకుని పడుకుని నడుము కింద పుండు పడింది.

కింది వాటాలో ఉండే విజయదుర్గది భీమవరం వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో పనిచేసేది. పుండుకు కట్టు కట్టడానికి రోజూ పైకి వచ్చేది. బయట తెలంగాణ ఉద్యమం హోరెత్తుతున్నా ఆ ఇంట్లో ఆమె, దశరథ ఇద్దరూ దాని ఊసెత్తేవాళ్లు కాదు. ఒకరోజు, మెట్లెక్కి దిగే బ్యాటరీ కుర్చీ తమ సెంటర్‌కు వచ్చిందని చెప్పిందామె. వాడి చూడమని విదేశీ కంపెనీ ఒకటి ఇచ్చిందట. సెంటర్ వాళ్లను ఒప్పించి దాన్ని ఇంటికి తెప్పించింది.

కుర్చీ కింద పొక్లెయిన్‌కు ఉన్నట్టు పళ్ల పట్టీలున్నాయి. దశరథను కూర్చోబెట్టి బెల్టు బిగించారు. మొదటి మెట్టు అంచు దాటగానే కుర్చీ ముందుకు ఒరిగింది. అతను రెయిలింగ్ పట్టుకుని వదల్లేదు.

"ఆపుండ్రి. పడుతున్న," అన్నాడు.

ఆ రోజంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. మర్నాడు తనే విజయదుర్గను పిలిపించాడు.

"మల్ల కూసోబెట్టు బిడ్డా. కండ్లు మూసుకుంట."

"మూసుకోకండి బాబాయ్ గారూ. నేను ముందు దిగుతుంటాను, నా మొహం చూస్తూ రండి."

ఆమె వెనక్కి అడుగులేస్తూ దిగింది. దశరథ ఆమె మొహం మీది నుంచి చూపు తిప్పకుండా వీధిలోకి వచ్చాడు. కుర్చీ ఉన్న మిగతా నాలుగు రోజులూ దిగాడు. సమ్మె మొదలై ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు పెడితే, కృష్ణ పక్కన నడుస్తుండగా అక్కడికీ పోయాడు. తనవైపు పల్లెల వాళ్లు గుర్తుపట్టి పలకరించారు. జనం మధ్య విస్తరాకులో తిని, చీకటి పడేదాకా కదల్లేదు. విజయదుర్గ గేటు దగ్గరే ఆగిపోయింది. రమ్మని అతనూ అడగలేదు.

తర్వాత కంపెనీ వాళ్లు కుర్చీ తీసుకుపోయారు. కొనడం ఆ ఇంటి తరం కాదు. సమ్మెకు సెంటర్ కూడా మూతపడటంతో విజయదుర్గ రైలెక్కి ఊరికి పోయింది. పుండు కట్టు అండాలమ్మే మార్చింది. కృష్ణ పొద్దస్తమానం రాస్తారోకోల్లో ఉండేవాడు. ఇంటికి వచ్చి అడిగితే నాయన నిద్రపోతున్నాడని తల్లి చెప్పేది.

విజయదుర్గ తిరిగి వచ్చి నేరుగా పైకి పోయింది. గదిలో అడుగు పెట్టగానే వాసన తెలిసింది. దశరథ ఒళ్లు కాలిపోతోంది. అతను ఆమెను గుర్తుపట్టలేదు. కృష్ణకు ఫోన్ చేసి రప్పించింది. దుప్పట్లో వేసి ముగ్గురూ కిందికి మోశారు. బంద్ రోజే అయినా చౌరస్తాలో కుర్రాళ్లు ఆటోకు దారి ఇచ్చారు. పుండు విషం రక్తమంతా పాకిందని డాక్టర్ చెప్పాడు. తెల్లారేసరికి దశరథ పోయాడు.

దవాఖాన వరండాలో అండాలమ్మ విజయదుర్గ పక్కన కూర్చుంది.

"కుర్చీల దిగినంక, ఇగ కొడుకు వీపు ఎక్కనన్నడు బిడ్డా. జరమొచ్చిందని ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు. నేను చెప్పలే."

లోపల కృష్ణ శవాన్ని ఊరికి తీసుకుపోవడానికి బండి మాట్లాడుతున్నాడు.