దిగుండ్రి, ప్లేటు అరిగిపోతది!

సోమ్లాకు జన్మంతా ఒకటే బెంగ: జీపు క్లచ్ ప్లేటు అరిగిపోతుందని. తెల్లవారగానే సీట్లో కూర్చుని, ఎడమకాలితో పెడల్ నొక్కి చూసుకుని, "సక్రీ, రాయి తియ్యి!" అని కేకేసేవాడు. ఏటవాలు వాకిట్లో చక్రం కింది రాయి తీయడమే అతని భార్య సక్రికి పొద్దున మొదటి పని. సోమ్లా పోయి ఏడాది దాటింది. ఇప్పుడా కేక లేదు. సక్రికి మెలకువ మాత్రం ఆ వేళకే వస్తోంది.

ఇల్లందు దారిలో, అడవి మధ్య ఒక ఎక్కుడు ఉంది. దాని మొదట్లో సోమ్లా తన కిరాయి జీపు ఆపేసేవాడు.

"దిగుండ్రి దిగుండ్రి! నిండు బండి ఎక్కిస్తే ప్లేటు అరిగిపోతది!"

టీచరమ్మ దిగాలి, పోలీసు దిగాలి, సంతకు పోయే దస్రు దిగాలి, అతని మేక కూడా దిగాలి.

"దీనికి గూడ కిరాయి కట్టిన గదనే!" అని దస్రు మొత్తుకునేవాడు.

"కట్టినవ్ లే. నడవనియ్యి, దాని గిట్టలు అరగవు."

కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన రోజున సక్రి కూడా అద్దాల లంగా ఎత్తిపట్టుకుని ఆ ఎక్కుడు ఎక్కింది.

"పెళ్ళాన్ని గూడ దింపుతవా?"

"నువ్వరిగితే నెయ్యి పోసి మేపుత. ప్లేటు అరిగితే ఏం పొయ్యాలె?"

ఇంట్లో అన్నం అడుగంటితే, ఆ మాడు వాసనకు ప్లేటు కాలుతోందని జీపు దగ్గరికి ఉరికేవాడు. నిద్రలో సైతం ఎడమకాలు ముడుచుకునే పడుకునేవాడు, పెడల్ మీద ఊరికే ఆనుతుందేమోనని!

ఊళ్ళకింకా అంబులెన్సులు రాని రోజులవి. ఒక వానాకాలం మధ్యాహ్నం, అడవిలోని గూడెం నుంచి కొండమ్మ తన కూతురు కళావతిని జీపెక్కించింది. పొద్దుటి నుంచీ పురిటి నొప్పులు. పిల్ల ముఖం పాలిపోయింది. ఆ రోజు సంతకని జీపులో ఉన్న సక్రి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కుడు దగ్గర జీపు ఆగింది.

"దిగుండ్రి!"

ఇయ్యాల గూడానా, ఈ మనిషికి మతి పోయిందా అనుకుంది సక్రి. అందరూ వానలోకి దిగారు. కొండమ్మ తిట్టుకుంటూ దిగింది. అలవాటు కొద్దీ కళావతి కూడా పొట్ట పట్టుకుని ఒక కాలు బయట పెట్టింది.

"ఓ చెల్లె, నువ్వెటు?"

"దిగాలె గదా అన్నా... ప్లేటు..."

"కూసో! సక్రీ, పట్టుకో పిల్లను. గిట్లాంటి రోజు కోసమే గదనే, ఇన్నొద్దులు ఊరందర్ని నడిపించింది!"

ఇంజను అరిచింది. ప్లేటు అరిగితే అరుపే ఉంటుంది, కదలిక ఉండదని సక్రికి విని విని తెలుసు. కళావతిని రెండు చేతులా పట్టుకుంది. చక్రాలు బురదలో ఒకసారి జారాయి. తర్వాత పట్టు దొరికి, జీపు మూలుగుతూ పైకి పాకింది.

"పోనియ్యి సోమ్లా! బతికినన్ని రోజులు దిగుతం!" వెనక నుంచి కొండమ్మ కేక.

ఇల్లందు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని సక్రి వరండాలోకి పరుగున వచ్చి చెబితే, సోమ్లా కళ్ళు తుడుచుకుని అడిగాడు:

"ఎక్కుడు మీద వాసనేమన్న వచ్చిందా?"

ఇప్పుడు జీపు నడిపేది సోమ్లా అన్నకొడుకు కోటేష్. ఎవరూ దిగక్కర్లేదంటాడు. అయినా ఎక్కుడు రాగానే కళావతి కూతురు ముందు దూకి, "దిగుండ్రి దిగుండ్రి!" అని అరుస్తుంది. పెద్దలు గొణుక్కుంటూ దిగుతారు.

జీపు కోటేష్ వాకిట్లో ఉంటోంది. రాయి మాత్రం సక్రి వాకిట్లోనే మిగిలింది.

"కాలికి తగుల్తది చిన్నమ్మా, అవతల పారెయ్."

"పారేస్త లేరా."

సక్రి వాకిలంతా ఊడ్చింది, రాయి చుట్టూ కూడా ఊడ్చింది. కేక వినకుండా ఆమె ఏనాడూ ఆ రాయి తీయలేదు. చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్ళింది.